ఆటలమ్మ పోసిన ఇంట్లో ఎనిమిదో నెల గర్భిణి: ఒక హోం ఐసోలేషన్ కేసు

ఈ కేసు రాసే ముందు ఆ ఇంటివాళ్ళను అడిగి ఒప్పించుకున్నాను. వాళ్ళను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను, ఊరి పేరు రాయడం లేదు. జబ్బు నడిచిన తీరు, రోజుల లెక్క, నేను చేసిన పొరపాటు మాత్రం జరిగింది జరిగినట్టే ఉన్నాయి.

నేపథ్యం

వరంగల్ నుంచి బస్సులో గంటకు పైగా పట్టే మండలంలో ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పనిచేస్తున్నాను. చలి తగ్గి ఎండ ముదరడం మొదలైతే చాలు, ఏటా ఆటలమ్మ కేసులు కనబడతాయి. హాస్టల్లో ఒక పిల్లవాడికి వస్తే రెండు వారాల తర్వాత ఐదారుగురికి, ఇంకో రెండు వారాలకు మరికొందరికి. చాలామంది ఆస్పత్రి దాకా రారు. వచ్చినవాళ్ళకు పారాసిటమాల్, కాలమైన్ లోషన్ ఇచ్చి "పక్కులు కట్టేదాకా ఇంట్లోనే ఉంచండి" అని పంపిస్తాం. ఆరోగ్యంగా ఉన్న పిల్లల్లో ఇది దానంతటదే తగ్గిపోయే జబ్బు కాబట్టి ఆ సలహా సరైనదే. అయితే "ఇంట్లో" అని ఎంత తేలిగ్గా అంటామో, ఆ ఇంట్లో ఎవరెవరున్నారో అంత తేలిగ్గా మర్చిపోతాం.

ఆటలమ్మ వేరిసెల్లా జోస్టర్ అనే వైరస్ వల్ల వస్తుంది. పొక్కుల్లోని నీటితోనే కాదు, గాలి ద్వారా కూడా అంటుకుంటుంది. ఒకే ఇంట్లో మసలితే, ఇంతకుముందు రానివాళ్ళలో పదిమందికి తొమ్మిదిమంది దాకా పడతారు. పొక్కు కనబడడానికి ఒకటి రెండు రోజుల ముందే అంటించడం మొదలై, చివరి పొక్కు ఎండి పక్కు కట్టేదాకా ఆ గుణం ఉంటుంది. తగిలిన 10 నుంచి 21 రోజుల లోపు బయటపడుతుంది. టీకా ఉంది, కానీ ప్రభుత్వం ఉచితంగా వేసే టీకాల్లో లేదు. అందుకే మన పల్లెల్లో ఆటలమ్మ నుంచి రక్షణ అంటే చిన్నప్పుడు ఒకసారి వచ్చిపోయి ఉండడమే. రాకుండా పెద్దయినవాళ్ళకు వస్తే జబ్బు గట్టిగా ఉంటుంది. నిమోనియా భయం ఎక్కువ, గర్భిణికైతే ఇంకా ఎక్కువ.

ఇక ఆ ఇల్లు. రెండు గదులు, వెనక వంటిల్లు, ముందు వాకిలి, వాకిలి పక్కన వడ్ల బస్తాలు వేసుకునే రేకుల షెడ్డు. ఉండేది నాయనమ్మ, షుగరు ఉన్న తాత, కొడుకు, కోడలు, ఎనిమిదేళ్ళ మనవడు. మనవడు హాస్టల్లో చదువుతాడు. కొడుకు ఎకరం పొలం చేసుకుంటూ మిర్చి సీజనులో ఏనుమాముల మార్కెట్‌కు హమాలీ పనికి పోతాడు. ఆ నెలలో ఇంకొకరు కూడా ఉన్నారు. కొడుకు చెల్లెలు, అంటే పిల్లవాడి మేనత్త, తొలిచూలు కాన్పుకు పుట్టింటికి వచ్చింది. 22 ఏళ్ళు, అప్పటికి 34 వారాలు.

మొదటి రోజు ఓపీలో

మంగళవారం నాయనమ్మ పిల్లవాణ్ణి చంకనేసుకుని వచ్చింది. శనివారం సాయంత్రం హాస్టల్ నుంచి ఇంటికి వచ్చాడు, ఆదివారం ఒళ్ళు వెచ్చబడింది, సోమవారం పొద్దున ఛాతీ మీద పొక్కులు. చొక్కా విప్పి చూస్తే అనుమానించాల్సిన పని లేదు. ఒకచోట ఎర్ర మచ్చ, పక్కనే మంచుబొట్టు లాంటి నీటి పొక్కు, ఇంకోచోట అప్పుడే ఎండుతున్న పొక్కు. అన్ని దశలవీ ఒకేసారి కనబడడం ఆటలమ్మ లక్షణం. జ్వరం 100 దాటింది, ఆట మాత్రం మానలేదు. నోట్లో రెండు పొక్కులున్నాయి, మింగుతున్నాడు.

సంచిలో ఏ మందులున్నాయో చూపించమన్నాను. ఊళ్ళో ఆర్ఎంపీ ఇచ్చిన సిరప్ ఒకటి, పారాసిటమాల్‌తో ఐబుప్రొఫెన్ కలిసినది. దాన్ని ఆపించాను. ఆటలమ్మలో ఐబుప్రొఫెన్ వాడిన పిల్లల్లో చర్మం లోతుగా చీము పట్టే తీవ్ర ఇన్ఫెక్షన్లు ఎక్కువగా కనబడ్డాయి. ఆస్పిరిన్ అయితే కాలేయాన్నీ మెదడునూ దెబ్బతీసే రే సిండ్రోమ్ భయంతో అసలే ఇవ్వకూడదు. ఒట్టి పారాసిటమాల్ రాశాను. గోళ్ళు పసుపుతో పచ్చబడి పొడుగ్గా ఉన్నాయి. నర్సమ్మ అక్కడే కూర్చోబెట్టి పదీ కత్తిరించింది. గోకుడుతో పుండు పడకుండా ఉండడానికి ఇంతకంటే చవకైన మందు లేదు.

తర్వాత ఐసోలేషన్ గురించి చెప్పాను. వెనక గదిలో వేరుగా ఉంచండి, కంచం గ్లాసు వేరు పెట్టండి, హాస్టల్‌కు పంపొద్దు, చుట్టాలను రానివ్వొద్దు. ఇంట్లో గర్భిణి ఉన్న సంగతి ఆమె మాటల్లోనే బయటపడింది. వెంటనే అడిగాను: "మీ బిడ్డకు ఇదివరకు అమ్మవారు పోసిందా?"

"పోసింది డాక్టరమ్మా, చిన్నప్పుడే పోసింది. ఒళ్ళంతా నిండె. అప్పుడే గండం గట్టెక్కింది."

నా గుండె కుదుటపడింది. చీటీలో "మేనత్తకు ఇంతకుముందు వచ్చింది" అని రాసి, అయినా పిల్లవాడి దగ్గరికి పోనివ్వొద్దని ఒక మాట చెప్పి పంపించాను. ఈ కేసులో నా తప్పు ఈ ఒక్క ప్రశ్నలోనే ఉంది. దాని సంగతి ముందుకు వస్తుంది.

ఇల్లు చూసినప్పుడు

గురువారం మధ్యాహ్నం ఆశ కార్యకర్తతో కలిసి ఆ ఇంటికి పోయాను. పోవాలని ముందే అనుకోలేదు, అదే వాడలో బాలింతను చూడాల్సి ఉండి పోయాను. గుమ్మానికి రెండు వేపమండలు కట్టి ఉన్నాయి. వెనక గది కిటికీకి చీర అడ్డం కట్టారు, గాలి తగలకూడదని. ఆ గదికి రెండో తలుపు తెరిస్తే వంటిల్లే. గదిలో ఎవరూ లేరు. పిల్లవాడు ముందు గదిలో మేనత్త తొడ మీద తల పెట్టుకుని పడుకున్నాడు. ఆమె పెరుగన్నం ముద్దలు చేసి నోట్లో పెడుతోంది. ముగ్గురు పొరుగు ఆడవాళ్ళు గోడకు ఆనుకుని కూర్చున్నారు, అందులో ఒకామె ఒళ్ళో చంటిబిడ్డ.

నాయనమ్మ మాట కాదనే మనిషి కాదు. మంగళవారం, బుధవారం పొద్దుటిదాకా నేను చెప్పినట్టే చేసింది. బుధవారం మూడో నాడు. వేపాకు, పసుపు వేసిన నీళ్ళు పోశారు. నీళ్ళు పోశాక తల్లి దిగిందని వాళ్ళ నమ్మకం. తల్లి దిగితే ఇక వేరుగా ఎందుకుంచాలి? ఆమె లెక్కలో ఐసోలేషన్ పద్ధతిగానే అయిపోయింది. నేను "పక్కులు కట్టేదాకా" అన్నాను, ఆమె "నీళ్ళు పోసేదాకా" అని విన్నది. ఇద్దరం ఒకే మాట మాట్లాడుకున్నామనుకున్నాం.

అక్కడే నిలబడి పిల్లవాడి వీపు చూశాను. ఆ పొద్దున వచ్చిన కొత్త పొక్కులు పన్నెండు దాకా ఉన్నాయి. మూడో నాటికి ఆటలమ్మ ఇంకా పొంగుతూనే ఉంటుంది.

ఇంకో సంగతి కూడా అప్పుడే తెలిసింది. శనివారం, ఆదివారం రాత్రులు పిల్లవాడు మేనత్త పక్కనే పడుకున్నాడు. అంటే సోమవారం పొక్కు కనబడేసరికే ఆమెకు తగలాల్సింది తగిలింది. మంగళవారం నేను ఎంత గట్టిగా చెప్పినా ఆ రెండు రాత్రులు వెనక్కి రావు.

ప్రశ్న మళ్ళీ అడగడం

చిన్నప్పుడు వచ్చిపోయింది కదా, భయం లేదు కదా అని ఆశ కార్యకర్త గుర్తుచేసింది. నిజమే, కానీ తొందరలో అడిగిన ప్రశ్న మీద నాకు నమ్మకం చాలలేదు. ఈసారి నాయనమ్మను కూర్చోబెట్టి అడిగాను. అప్పుడు నీ బిడ్డకు ఎన్నేళ్ళు? నాలుగైదు. మొదట ఏమొచ్చింది? జ్వరం, తుమ్ములు, దగ్గు. కళ్ళు? "ఎర్రగ అయినయి, ఎలుగు చూడలేకపాయె." ఒంటి మీద? "మొకం మీద మొదలయ్యి కిందికి దిగె, సన్నగ, ఎర్రగ, దద్దులు." వాటిలో నీళ్ళు పట్టాయా, ఇప్పుడు వీడికున్నట్టు? ఆమె మనవడి వీపు చూసింది, బిడ్డను చూసింది. "లేదు డాక్టరమ్మా. ఇట్ల నీళ్ళ పొక్కులు కావు."

అది తట్టు. ఆటలమ్మ కానే కాదు.

మన దగ్గర అమ్మవారు అన్న మాటలో మూడు జబ్బులున్నాయి. మశూచిని పెద్దమ్మవారు అనేవాళ్ళు, 1975 తర్వాత మన దేశంలో అది లేదు. ఆ ఇంటి తాత ముఖం మీద గుంటలు దానివే. తట్టు ఒకటి, ఆటలమ్మ ఒకటి. మూడింటికీ వేపాకే, మూడింటికీ తల్లి పోసిందనే మాటే. కానీ ఒకటి వచ్చిపోయిందంటే మిగతా రెంటి నుంచి కాపాడదు. నేను అడిగిన ప్రశ్నకు నాయనమ్మ నిజమే చెప్పింది. ప్రశ్నే తప్పు.

ఇక్కడి నుంచి కేసు మారిపోయింది. అప్పటిదాకా నా రోగి ఎనిమిదేళ్ళ పిల్లవాడు. అతనికి పెద్దగా భయం లేదు. అసలు కాపాడాల్సిన మనిషి ఒంటి మీద ఒక్క మచ్చ కూడా లేకుండా నా ముందు పెరుగు చేత్తో కూర్చుని ఉంది.

లెక్క వేసుకున్నాను. ఆమెకు తగలడం మొదలైంది శనివారం, 34 వారాలప్పుడు. జబ్బు వస్తే 35, 38 వారాల మధ్య బయటపడుతుంది. నెల నిండుతున్న సమయం. కాన్పుకు ఐదు రోజుల ముందు నుంచి కాన్పయిన రెండు రోజుల లోపు తల్లికి పొక్కులు వస్తే బిడ్డకు చాలా ప్రమాదం. వైరస్ బిడ్డకు చేరుతుంది, తల్లి ఒంట్లో తయారయ్యే రక్షణ మాత్రం చేరే వ్యవధి ఉండదు. ఇక తల్లికి నిమోనియా భయం సరేసరి.

ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

మొదటి ఆలోచన నాయనమ్మదే: "అత్తగారింటికి తోలుతాం." చూడడానికి బాగుంది. కానీ ఆమెకు ఇప్పటికే తగిలింది. ఎనిమిదో రోజు నుంచి ఆమే తెలియకుండా ఇంకొకరికి అంటించే అవకాశం ఉంది. అత్తగారింట్లో తోడికోడలికి ఐదు నెలల పాప. ఇక్కడి నిప్పు అక్కడికి మోసుకుపోవడమే అవుతుంది. కాన్పు చేయాల్సిన ఆస్పత్రికీ దూరమవుతుంది. అందుకని ఆమె ఇక్కడే ఉండాలని తేల్చాను.

రెండో సంగతి, రక్షణ ఉందో లేదో రక్తంలో చూడడం. వరసగా అడిగితే తట్టు అని తేలింది గానీ, పొక్కులు నాలుగే వచ్చి ఎవరూ గమనించకుండా ఆటలమ్మ కూడా వచ్చిపోయి ఉండవచ్చు. వేరిసెల్లా ఐజీజీ పరీక్ష మా దగ్గర లేదు. ఆ సాయంత్రమే రక్తం తీసి హన్మకొండ ల్యాబ్‌కు పంపించాం. శనివారం మధ్యాహ్నం ఫలితం వచ్చింది: నెగెటివ్. రక్షణ లేదు.

గర్భిణికి ఈ టీకా వేయకూడదు, అది బతికున్న వైరస్‌ను బలహీనపరచి చేసిన టీకా. రక్షణ పదార్థాన్ని నేరుగా ఎక్కించే ఇమ్యునోగ్లోబులిన్ ఇంజెక్షన్ ఉంది, తగిలిన పది రోజుల లోపు ఇవ్వవచ్చు. అది దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఆ ఇంటికి మోయలేని బరువు. మూడో దారి వైరస్‌ను అణిచే అసైక్లోవిర్ మాత్రలు. తగిలిన ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా, 800 మిల్లీగ్రాములవి రోజుకు నాలుగుసార్లు. బ్రిటన్‌లో రక్షణ లేని గర్భిణులకు ఇప్పుడు ఈ పద్ధతే పాటిస్తున్నారు. ఒంట్లో వైరస్ పెరిగే రోజుల్లో మందు ఉండాలని దాని ఆలోచన, అందుకే మొదటి రోజే మొదలుపెట్టరు.

శనివారం అంటే సరిగ్గా ఏడో రోజు. ఇంకో తొందర కూడా ఉంది. ఎనిమిదో రోజు దాటితే ఆమెను గర్భిణుల మధ్య కూర్చోబెట్టకూడదు. స్పెషలిస్టుకు చూపించాలంటే ఆ రోజే చూపించాలి. ఫోన్ చేసి ముందే సంగతంతా చెబితే హన్మకొండలో గైనకాలజిస్టు సాయంత్రం ఓపీ అయిపోయాక పిలిపించుకున్నారు. స్కాన్ బాగుంది. మాత్రల ఆలోచనకు ఆమె కూడా సరేనన్నారు. ఆ రాత్రే మొదటి మాత్ర పడింది.

మందు సంగతి నాయనమ్మతో తేలడం అంత సులువు కాలేదు. "తల్లి ఇంట్ల ఉన్నప్పుడు మందులేస్తే అలుగుతది" అన్నది. మనవడికి పారాసిటమాల్ వేయడానికే ఆమె లోపల కొట్టుకుంటోందని అప్పుడర్థమైంది. నమ్మకాన్ని నేను కాదనలేదు, కాదని గెలిచే సమయమూ లేదు. తల్లి మనవడి మీదికి వచ్చింది, బిడ్డ మీదికి ఇంకా రాలేదు కదా, రాకముందు వేసే మందు ఇది అన్నాను. అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు అందులో. ఆమె కాసేపు ఆలోచించి, పోశమ్మకు మొక్కి, మాత్ర తానే బిడ్డ చేతిలో పెట్టింది.

ఇంట్లో మార్చినవి

వెనక గదిలో పిల్లవాణ్ణి ఉంచమన్న నా సలహా ఆ ఇంటికి సరిపడదు. ఆ గది గాలి అంతా వంటింట్లోకి పోతుంది, వంటింట్లో ఉండేది గర్భిణి. గది ఉండడం ఒక్కటే చాలదు, గాలి ఎటు పోతుందో చూడాలి. గురువారమే తిప్పేశాం. పిల్లవాడి మంచం రేకుల షెడ్డులోకి పోయింది. మూడు వైపులా తెరిచిన షెడ్డు, పక్కనే వేపచెట్టు. మధ్యాహ్నం రేకు వేడికి మంచం చెట్టు కిందికి జరిపేవాళ్ళు. మేనత్త కిటికీ ఉన్న ముందు గదిలోకి మారింది, చీర తీసేసి కిటికీలు తెరిచారు. గదిలో మూసిపెట్టినప్పుడు అరగంట కూడా ఆగని పిల్లవాడు, చెట్టు కింద కోడిపిల్లలను చూస్తూ పూటంతా ఉన్నాడు.

ఎవరు దగ్గరికి పోవచ్చు? కోడలికి పదేళ్ళప్పుడు నీటి పొక్కులు వచ్చిన సంగతి స్పష్టంగా గుర్తుంది, నుదుటి మీద రెండు గుంట మచ్చలూ ఉన్నాయి. నాయనమ్మకూ అంతే. వాళ్ళిద్దరే పిల్లవాణ్ణి చూసుకోవాలన్నాను. తాత సంగతి తేలలేదు. షుగరు ఉంది కాబట్టి వచ్చినవాళ్ళలో లెక్కెయ్యకుండా ముందు అరుగుకే పరిమితం చేశాం.

వేపమండల విషయంలో నాకు ఒక ఊహ తట్టింది. ఆ మండ కట్టిన ఇంటికి ఊళ్ళో ఎవరూ ఊరికే రారు. నేను అచ్చు వేయించిన బోర్డు పెట్టినా అంత గౌరవం దొరకదు. అందుకని నాయనమ్మను అడిగాను: మండ ఎప్పుడు తీస్తావు? నీళ్ళు పోశాక వాడిపోతే తీసేస్తాం. ఈసారి వాడితే కొత్తది కట్టు, చివరి పొక్కు పక్కు కట్టిన రోజు నేను వచ్చి చూశాకే తియ్యి. నీళ్ళు మీ పద్ధతి ప్రకారమే పొయ్యి, స్నానం మంచిదే, ఒంటికి హాయి. కానీ నీళ్ళు పోసినంత మాత్రాన తల్లి దిగినట్టు కాదు, పక్కు కట్టినప్పుడు దిగినట్టు. ఆమె ఒప్పుకుంది. వేపమండకు ఆవిడే కాపలా. పొరుగు చంటిబిడ్డ తల్లిని ఆ సాయంత్రమే గుమ్మం బయట ఆపేసింది. ఆ తల్లికి ఆటలమ్మ వచ్చిందో లేదో ఆశ కార్యకర్త విడిగా అడిగి వచ్చింది. నీటి పొక్కులే వచ్చాయట. తల్లికి వచ్చి ఉంటే చంటిబిడ్డకు మొదటి నెలల్లో ఆమె నుంచి కొంత రక్షణ ఉంటుంది.

రోజుల లెక్క ఇంకో చిక్కు. మేనత్తకు శనివారం మొదటిసారి తగిలింది, గురువారం చివరిసారి. చివరి దాన్నుంచి 21 రోజులు చూడాలి. కలిపితే 26, సులువుగా ఉంటుందని నాలుగు వారాలు అన్నాను. క్యాలెండర్ మీద గుర్తు పెట్టమంటే నాయనమ్మ నవ్వి, గోడ దగ్గరికి తీసుకుపోయింది. దర్వాజా పక్కన సున్నం గోడ మీద వేలితో పసుపు బొట్టు పెట్టింది. శనివారానికి ఒకటి, ఆదివారానికి ఒకటి, అలా ఆరు. ఆ రోజు నుంచి పొద్దున్నే పోశమ్మకు దీపం పెట్టాక గోడ మీద ఒక బొట్టు. ఏడేడు చొప్పున వరసలు. ఏ ఫోన్ రిమైండరూ అంత క్రమంగా నడవదు. ఆశ కార్యకర్త వచ్చినప్పుడల్లా బొట్లు లెక్కపెట్టి, జ్వరం చూసి నాకు చెప్పేది.

గర్భిణి చెకప్ మాత్రం ఆగకూడదు. ప్రతి నెల 9న మా దగ్గర గర్భిణుల క్యాంపు ఉంటుంది, హాలు నిండా వస్తారు. ఆ నెల 9 ఆమెకు తగిలిన పదో రోజు. ఆమెను ఆ హాల్లో కూర్చోబెడితే ఇంకెందరికి పోతుందో. ఏఎన్ఎం ఇంటికే పోయి బీపీ, బిడ్డ గుండె చప్పుడు చూసి వచ్చింది. కాన్పు చేయబోయే ఆస్పత్రికీ ముందే చెప్పి ఉంచాం, నొప్పులతో హఠాత్తుగా పోయినా వేరే గదిలో పెట్టుకునేలా.

తండ్రి సంగతి

అన్నిటికంటే నాకు కష్టమైన నిర్ణయం ఇదే. కొడుకుకు 34 ఏళ్ళు, ఎన్నడూ అమ్మవారు పోయలేదని తల్లి గట్టిగా చెప్పింది. అతనికీ శనివారమే తగిలింది. ఎనిమిదో రోజు నుంచి 21వ రోజు దాకా అతను అంటించవచ్చు. కచ్చితంగా చెప్పాలంటే ఇంట్లో కూర్చోమనాలి. అది మిర్చి సీజను. హమాలీకి ఏడాదిలో చేతికి డబ్బు కనబడే నెలలు ఇవే. జబ్బు రాని మనిషిని, వస్తుందేమో అని రెండు వారాలు పని మానమంటే, ఆ కూలి ఎవరిస్తారు?

మధ్యేమార్గం పట్టాను. పని యార్డులో, ఆరుబయట. కానీ రాత్రి ఇంట్లో పడుకోకూడదు. "బాయికాడ మోటరు కొట్టంల పండుకుంటలే" అన్నాడు. అన్నం కోడలు అక్కడికే తీసుకుపోయేది. బస్సులో పోవద్దు, మూతికి కట్టుకో, పొద్దున్నే ఒళ్ళు వెచ్చగా ఉంటే ఆ రోజు పనికి పోకు, ఫోన్ చెయ్యి. దగ్గు వస్తే చెప్పమన్నాను గానీ, ఆ మాట అన్నాక నాకే తోచింది. మిర్చి బస్తాలు మోసేవాళ్ళకు ఘాటుతో దగ్గు రోజూ ఉండేదే. అందుకని దగ్గు లెక్కలోంచి తీసేసి, జ్వరం, ఒళ్ళునొప్పులు, ఒక్క పొక్కు, ఈ మూడే గుర్తు పెట్టుకోమన్నాను. మాత్రలు ముందే అతని జేబులో పెట్టలేదు. పెద్దవాళ్ళలో అసైక్లోవిర్ పొక్కు కనబడిన 24 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది, కాబట్టి మా ఫార్మసీలో అతని కోసం విడిగా తీయించి ఉంచాను.

పద్నాలుగో రోజు జ్వరం, పదిహేనో రోజు పొద్దున పొట్ట మీద మూడు పొక్కులు. ఆదివారం. ఏడుగంటలకు ఫోన్ వచ్చింది, తొమ్మిదికల్లా మాత్ర పడింది. 800 మిల్లీగ్రాములు, రోజుకు ఐదుసార్లు, ఏడు రోజులు. ఒళ్ళంతా నిండింది, రెండు రోజులు ముద్ద మింగలేకపోయాడు. రోజూ వేలికి ఆక్సిమీటరు పెట్టి, ఊపిరి లెక్కపెట్టి చూశాం. నిమోనియా రాలేదు. చెల్లెలి దరిదాపుల్లోకి అతను ఎనిమిదో రోజు నుంచే రాలేదు కాబట్టి ఆమెకు రెండో దెబ్బ తగల్లేదు. కానీ పన్నెండు రోజుల కూలి పోయింది. దానికి నా దగ్గర ఏ మందూ లేదు. మధ్యలో అతను యార్డులో ఎవరికైనా అంటించాడా అన్నదీ నా మనసులో ఇప్పటికీ ఉంది. ఇంకోసారి ఇలాంటి కేసు వస్తే పని మానమని అడుగుతానా? అడుగుతాను, కానీ అడిగే ముందు సర్పంచితోనో సంఘంతోనో ఆ ఇంటికి బియ్యం, పప్పు సంగతి మాట్లాడాకే అడుగుతాను.

పిల్లవాడి విషయంలో ఒక్క చిక్కే వచ్చింది. ఆరో రోజు చంక కింద ఒక పొక్కు చుట్టూ చర్మం ఎర్రగా, చేయి పెడితే వేడిగా మారింది, తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చింది. తగ్గిన జ్వరం తిరిగి వస్తే వెంటనే చెప్పమని నాయనమ్మకు ముందే చెప్పి ఉన్నాను. నడక తూలినా, మత్తుగా ఉన్నా, ఊపిరాడకపోయినా అంతే. ఆమె చెప్పించింది. యాంటీబయోటిక్‌తో మూడు రోజుల్లో సర్దుకుంది. ఎనిమిదో రోజు, మళ్ళీ సోమవారానికి, చివరి పొక్కు పక్కు కట్టింది. నేను చూశాక వేపమండ తీసింది. వారం తిరక్కుండానే తండ్రి కోసం కొట్టం గుమ్మానికి ఇంకోటి కట్టింది.

ఎలా ముగిసింది

గోడ మీద 28 బొట్లు నిండాయి. మేనత్తకు ఒక్క పొక్కు రాలేదు. 39వ వారంలో మామూలు కాన్పు, ఆడపిల్ల, మూడు కిలోలకు కాస్త తక్కువ. మాత్రల వల్లే తప్పిందని నేను ప్రమాణం చేసి చెప్పలేను. పదిమందిలో ఆ పదో మనిషి ఆమే కావచ్చు. బాలింత తిరిగి చూపించుకోవడానికి వచ్చినప్పుడు మళ్ళీ ఐజీజీ చేయించాం, ఇంకా నెగెటివే. పాలిచ్చే తల్లికి ఈ టీకా వేయవచ్చు. భర్త డబ్బు సర్దుకుని మొదటి డోసు వేయించాడు, రెండోది నెలన్నరకు.

నా పద్ధతిలో మారినవి

ఆటలమ్మ పిల్లవాడు వస్తే ఇప్పుడు గది గురించి తర్వాత అడుగుతాను. ముందు ఇంట్లో మనుషులను ఒక్కొక్కరినీ వేళ్ళ మీద లెక్కపెట్టిస్తాను, కాన్పుకు వచ్చినవాళ్ళనూ, క్యాన్సరు మందులో స్టెరాయిడ్లో వాడేవాళ్ళనూ కలిపి. "అమ్మవారు పోసిందా" అని అడగడం మానేశాను. నీళ్ళ పొక్కులా, ఎర్ర దద్దులా? దగ్గు, కళ్ళ ఎరుపు వచ్చాయా? మచ్చ గుంటగా ఉందా? ఈ మూడు ప్రశ్నలు మా ఆశ కార్యకర్తలందరి రిజిస్టరు మొదటి పేజీలో అంటించి ఉన్నాయి. అనుమానం ఉన్న గర్భిణికి మాట మీద ఆధారపడకుండా రక్తపరీక్షే. పిల్లవాడికి పొక్కు కనబడిన రోజును మొదటి రోజుగా లెక్కపెట్టే అలవాటూ పోయింది. ఇంట్లోవాళ్ళ లెక్క అంతకు రెండు రోజుల ముందు మొదలవుతుంది.

ఆ ఏడే ఉగాది దాటాక అదే వాడలో ఇంకో ఇంటికి వేపమండ కట్టారు. ఆశ కార్యకర్త పోయేసరికి ఆ నాయనమ్మ అప్పటికే ఆ ఇంటి అరుగు మీద కూర్చుని ఉంది. ఆ ఇంటి కోడలికి ఐదో నెల. "నీకు పోసినప్పుడు నీళ్ళు పట్టినయా, ఉత్తగ ఎర్రగ వచ్చినయా? మీ అమ్మకు ఫోన్ జేసి అడుగు, ఇప్పుడే అడుగు" అంటోందట. కోడలు స్పీకర్ పెట్టి వాళ్ళమ్మను అడిగింది. నీళ్ళే పట్టాయి. ఆశ కార్యకర్త రిజిస్టరులో రాసుకుని నాకు ఫోన్ చేసింది.